లేని జబ్బుకు పథ్యం

రామచంద్రపురంలో ఆ శ్రావణమాసం నాకు అల్సరు. తొంభై ఎనిమిదో సంవత్సరం సంగతి. నిజానికి కడుపులో అల్సరూ లేదు, గిల్సరూ లేదు. రాళ్ళు తిన్నా అరిగించుకునే వయసు. లేనిది కుడి కాలు. మోకాలి కింద జానెడు వదిలేసి మిగతాది తుని హైవే మీద ఒక లారీ తీసుకుపోయింది. దాని స్థానంలో ఉచిత శిబిరంలో పెట్టిన జైపూరు కాలు ఉండేది. ఆ లేని కాలు దాచుకోవడానికి ఈ లేని అల్సరు తెచ్చుకోవలసి వచ్చింది.

నేను బట్టల కొట్లో పెరిగినవాణ్ణి. తునిలో చీరలు చూపిస్తూనే పెళ్ళి చేసుకున్నాను, పిల్లని కన్నాను. కాలు పోయాక కర్ర పట్టుకుని కొట్టుకి వెళితే మా పాత యజమాని కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి తీసుకుంటే అన్నం ఎవరు పెడతారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. జైపూరు కాలు వచ్చి, కర్ర వదిలేసి నడవడం అలవాటయ్యాక కాకినాడలో ఒక పెద్ద కొట్టుకి వెళ్ళాను. నిజం చెప్పి మరీ ఉద్యోగం అడగమని మా ఆవిడ మీనాకుమారి పట్టుబట్టింది. చెప్పాను. ఆ యజమాని చేసిన మర్యాద ఇంతా అంతా కాదు. కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు, వెళ్ళేటప్పుడు చేతిలో ఒక చొక్కా గుడ్డ పెట్టి, రిక్షా మాట్లాడి బస్టాండుకి పంపించాడు. ఉద్యోగం మాట మాత్రం ఎత్తలేదు.

ఇంటికొచ్చి ఆ గుడ్డ మంచం మీద పడేశాను.

"ఈసారి చెప్పను మీనా. ప్యాంటు ఉంది, మేజోళ్ళున్నాయి. కనపడనిదాన్ని నేనెందుకు చూపించుకోవాలి?"

"తెలిసిన రోజున?"

"అప్పటికి నా పని కూడా తెలిసి ఉంటుంది కదా."

"కాలు మీది, ఇష్టం మీది. పిల్లకి అబద్ధం నేర్పే పని మాత్రం నాకు పెట్టకండి," అంది.

రామచంద్రపురంలో నాగేశ్వరప్రసాద్ గారి కొట్లో పట్టుచీరల దగ్గర మనిషి కావాలని చీరల ఏజెంటు ఒకాయన చెప్పాడు. ఆషాఢం చివర్లో వెళ్ళాను. పాతకాలం కొట్టు. చెప్పులు మెట్ల దగ్గర విప్పాలి, లోపల గోడ నుంచి గోడకి పరుపులు, వాటి మీద తెల్లటి దుప్పట్లు. నేను చెప్పులు విప్పి మేజోళ్ళతో లోపలికి నడిచాను. నా నడకలో చిన్న ఊపు ఉంటుంది. తెలియనివాళ్ళు దాన్ని దర్జా అనుకుంటారు, నేను కాదనను.

ప్రసాద్ గారికి నా ఈడే ఉంటుంది. మనిషి మెత్తన, మాట పొదుపు. పేకాట ఉందా, సిగరెట్టు ఉందా అని అడిగాడు. లేవన్నాను.

"ఒంట్లో ఎలా ఉంటుందండీ? సీజన్లో పొద్దున్నుంచీ నిలబడాలి."

కాకినాడ కాఫీ గొంతులో అడ్డంపడింది. "గుండ్రాయిలా ఉంటానండి," అన్నాను.

ఒక ధర్మవరం చీర నా ముందుకి తోసి చూపించమన్నాడు. చీర చూపించడమంటే మడతలు విప్పడం కాదు. మడత కొస పట్టుకుని ఒక్క విసురు విసిరితే అంచు పరుపు మీద గీత గీసినట్టు పరుచుకోవాలి, పైట చెంగు కొనేవాళ్ళ ఒళ్ళో వచ్చి వాలాలి. వాలిందా, సగం అమ్మినట్టే. నేను విసిరిన చెంగు వెళ్ళి ప్రసాద్ గారి ఒళ్ళో పడింది. ఆయన దాన్ని చేత్తో నిమిరి, రేపటి నుంచి రమ్మన్నాడు.

ఆ వారంలోనే కొట్టుకి దగ్గరలో రెండు గదులు అద్దెకి తీసుకుని దిగాం. మా చిన్నిని ఒకటో తరగతిలో వేశాం. మీనా వద్దన్న పని నేనే చేశాను. నాన్న కాలు సంగతి ఎవరికీ చెప్పకూడదని దాన్ని కూర్చోబెట్టి చెప్పాను. ఎందుకని అడిగింది. ఊరికేనే అన్నాను. బుర్ర ఊపి ఆడుకోవడానికి పోయింది. పిల్లలకి ఇంత తేలిగ్గా చెప్పచ్చా అని సంతోషించాను కూడా.

పనిలో ఇబ్బంది లేదు. పరుపు మీద మఠం వేసుక్కూర్చోవడం కాస్త కష్టం. అందుకని ముందుగా నాలుగు చీరలు విప్పి, ఆ గుట్ట కింద కుడి కాలు చాపేసి కూర్చునేవాణ్ణి. పై అరల్లో చీరలకి నిచ్చెన ఎక్కాలంటే మంచి కాలు ముందు వేసి, రెండోదాన్ని దాని పక్కకి లాగేవాణ్ణి. ద్రాక్షారామం వైపు నుంచి పెళ్ళివారు దిగారంటే వాళ్ళ చూపంతా చీరల మీదే. సేల్స్‌మన్‌కి కాళ్ళున్నాయో లేవో చూసే తీరిక ఎవరికి?

తిప్పలన్నీ అన్నం దగ్గర మొదలయ్యాయి.

కొట్టు వెనకే ప్రసాద్ గారి ఇల్లు. శ్రావణమాసం వచ్చిందంటే కొట్లో పనిచేసేవాళ్ళందరికీ మధ్యాహ్నం భోజనం అక్కడే. ఆయన తల్లి కనకరత్నమ్మగారు పెట్టిన ఆనవాయితీ అది. అందరూ మామ్మగారు అంటారు. తొలి శుక్రవారం అందరితోపాటు నేనూ సందులోంచి వెనక్కి నడిచాను. పెరటి గుమ్మం దగ్గర ఒక నాపరాయి, పక్కన గంగాళం నిండా నీళ్ళు, మీద ఇత్తడి చెంబు. గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని మామ్మగారు. ఒక్కొక్కడే రాయి మీదికెక్కి, ప్యాంటు పైకి మడిచి కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మరీ చూస్తోంది. వేళ్ళ సందులు వదిలేశావు, మడమలు తడుపు, అంటూ పెద్దవాళ్ళని కూడా వెనక్కి పంపుతోంది.

నేను ఆగిపోయాను. జైపూరు కాలికి నీళ్ళు తగిలితే ఏమీ కాదు, చెరువులో దిగినా ఫరవాలేదు. కానీ మేజోడు తియ్యాలి. కాళ్ళ మీద అంత శ్రద్ధ ఉన్న మనిషి ముందు తియ్యాలి.

"ఏంటండీ, రండి," అన్నాడు ప్రసాద్ గారు.

"నాకు పడదండి. అల్సరు. ఇంటి నుంచి క్యారేజీ తెచ్చుకుంటాను."

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు. నాది అతకలేదు.

"మొన్న గుండ్రాయన్నారు?"

"గుండ్రాయేనండి. ఒక్క కడుపు తప్ప."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. మామ్మగారు ఊరుకోలేదు. తన ఇంటి గుమ్మం దాకా వచ్చిన మనిషి అన్నం తినకుండా వెనక్కి పోవడం ఆవిడకి తెలియని విషయం. మర్నాడు సరిగ్గా నేను క్యారేజీ విప్పే వేళకి పనిమనిషి చేత ఒక గిన్నెల దొంతర కొట్లోకి పంపించింది. చప్పిడి బీరకాయ కూర, పెసరకట్టు, మెత్తటి అన్నం, నీళ్ళ మజ్జిగ. పై గిన్నెలో బార్లీ. ఎక్కడా కారం ఆనవాలు లేదు. ఇటు చూస్తే మీనా పెట్టిన క్యారేజీలో ఎండుమిరపకాయలు దంచి కలిపిన గోంగూర. ఆ మూత తీస్తే వాసన మామ్మగారి పీట దాకా పోతుంది. గోంగూర మూసేసి బీరకాయ తిన్నాను.

రోజూ అదే వరస. సాయంత్రం నిండు క్యారేజీ ఇంటికి తిరిగొచ్చేది, మీనా దాన్ని చప్పుడయ్యేలా దించేది. కొట్లో నా పేరు అల్సరుగారయింది. ఇక మామ్మగారు మజ్జిగలో వాము నీళ్ళు కలిపి పంపించడం, ఏ చెట్టు ఆకో నూరి పంపించడం, పొద్దున్నే కడుపు ఎలా ఉందని కొడుకు చేత అడిగించడం. సొంత తల్లి కూడా అంత చెయ్యదు. ఉన్న లోటు దాచుకుని లేని జబ్బుకి సేవలు చేయించుకుంటుంటే నా మీద నాకే రోత పుట్టేది. అయినా కాలు కన్నా అల్సరు నయమని సర్దిచెప్పుకునేవాణ్ణి. అల్సరు ఉన్నవాడికి ఎవరూ రిక్షా మాట్లాడి బస్టాండుకి పంపరు.

ఒకరోజు మధ్యాహ్నం కొట్లో రద్దీగా ఉంది, కూర్చునే చోటు లేక నిలబడే చీరలు చూపిస్తున్నాను. నా పక్కన లంగా గుడ్డ కొలుస్తున్న ముసలయ్య చేతిలోంచి ఇనప మీటరు బద్ద జారి సూటిగా నా పాదం మీద పడింది. ముసలయ్య ఆ కొట్లో అందరికన్నా పాత మనిషి, పేరుకి తగ్గ వయసే. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళంతా అయ్యో అన్నారు. నేను చీర విసురుతూనే ఉన్నాను. అందరూ నావైపే చూస్తున్నారని అర్థమయ్యాక అప్పుడు "అబ్బా" అని పాదం పట్టుకుని కూలబడ్డాను.

సాయంత్రం చీరలు మడతలు పెడుతుండగా ముసలయ్య నా పక్కకి జరిగాడు.

"బద్ద పడింది కుడి కాలి మీద. నువ్వు పట్టుకుంది ఎడమ కాలు."

నేను మడత పెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడత పెట్టాను.

"నాకెందుకులే, నేనెవరికీ చెప్పను. కానీ లోపల నీ గురించి వేరే మాట నడుస్తోంది. అది నీకు తెలియాలి."

అతను చెప్పింది వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నెలు తీసుకెళ్ళడానికి వచ్చిన పనిమనిషి, నేను మేజోళ్ళు కూడా విప్పకుండా అన్నం తింటున్నానని మామ్మగారికి చేరేసింది. ఆ మనిషి రాని రోజు ఖాళీ గిన్నెలు నేనే తిరిగి ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా నాపరాయి తొక్కకుండా దూరం నుంచే పెట్టి రావడం ఆవిడా గమనించింది. వైశ్యుల ఇంట పుట్టి కాళ్ళు కడుక్కోని మనిషిని ఇప్పుడే చూస్తున్నానందట. జబ్బు మనిషి కదా అని పథ్యం పంపుతున్నాను కానీ, ఆచారం లేనివాడి చేత వ్రతానికి కట్టుకునే చీరలు ఎలా చూపిస్తున్నావురా అని కొడుకుని నిలదీసిందట. ప్రసాద్ గారు తల్లి మాట దాటే మనిషి కాదు. శ్రావణం వెళ్ళగానే నన్ను పంపించేస్తానన్నాడట.

కాలు లేదని తెలిస్తే ఉద్యోగం ఇవ్వరని దాచాను. ఇప్పుడు కాళ్ళు కడుక్కోవడం లేదని ఉద్యోగం పోతోంది. మా నాన్న గుమ్మం దగ్గర నీళ్ళ బిందె లేకపోతే ఇంట్లోకే వచ్చేవాడు కాదు. ఆయన కొడుకుని పట్టుకుని ఆచారం లేదన్నారంటే ఒళ్ళు మండిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి చిన్ని అరుగు మీద ఒక్కతే గవ్వలాడుకుంటోంది. ఎదురింటి పిల్లలు వాళ్ళ వాకిట్లో గోలగోలగా ఆడుతున్నారు. వాళ్ళని పిలవకపోయావా అన్నాను.

"మనింటికి వద్దు నాన్నా. నువ్వొచ్చి కాలు విప్పి గోడకి పెడతావుగా. వాళ్ళు చూసేస్తారు," అంది తల ఎత్తకుండా.

ఆ ఊరు వచ్చినప్పటి నుంచీ ఒక్క పిల్లనీ గుమ్మం తొక్కనివ్వలేదట. మీనాకి తెలుసు. నాతో అనలేదు, అంతే. నేను లోపలికి వెళ్ళి చాలాసేపు కాలు విప్పకుండానే కూర్చున్నాను. ముసలయ్య చెప్పినదంతా మీనాకి చెప్పాను. ఆమె విని, బియ్యం కడగడానికి లేచింది.

ఆ వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. కొట్లో పనిచేసేవాళ్ళ ఆడవాళ్ళందరినీ మామ్మగారు పేరంటానికి పిలిచింది. మీనా పట్టుచీర కట్టుకుని, చిన్నిని తీసుకుని వెళ్ళింది. నేను కొట్టు నుంచి వచ్చేసరికి ఇద్దరూ తిరిగొచ్చి ఉన్నారు. చిన్ని శనగలు తింటోంది. మీనా పాదాలకి పసుపు ఇంకా తడిగానే ఉంది.

"ఆవిడే స్వయంగా రాసింది," అంది మీనా. "రాస్తూ రాస్తూ అడిగింది. మీ ఆయనకి కాళ్ళు కడుక్కునే అలవాటు చిన్నప్పటి నుంచీ లేదా అమ్మా అని. అంతమంది ముత్తయిదువల్లో. నాకు తల కొట్టేసినట్టయింది."

"ఏం చెప్పావు?"

"ఉందండీ అన్నాను. రేపు వచ్చి కడుక్కుంటారన్నాను."

నాకు కోపం వచ్చింది. ఎవరినడిగి మాటిచ్చావన్నాను. కాలు నాది, ఇష్టం నాది అని నువ్వే కదా అన్నావు అని కూడా అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"కాలు గురించి నేనేమీ అనలేదండీ. మా అత్తగారి పెంపకం గురించి అడిగితే ఊరుకోలేకపోయాను. ఉద్యోగం పోయేదయితే కాలు లేదని పోనివ్వండి. కాళ్ళు కడుక్కోడన్న పేరుతో పోవద్దు."

చిన్ని శనగలు తినడం ఆపి మా ఇద్దరి మొహాలూ చూసింది. నేను దాన్ని దగ్గరకి తీసుకుని, కాలు విప్పి గోడకి ఆనించాను.

మర్నాడు మధ్యాహ్నం ముసలయ్య వెనకే సందులోకి నడిచాను. ప్రసాద్ గారు అప్పుడే కడుక్కుని తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. మామ్మగారు పీట మీద నిటారుగా కూర్చుంది. మీనా ఇచ్చిన మాట ఆవిడకి గుర్తున్నట్టే ఉంది.

నా వంతు వచ్చింది. మెట్టు మీద కూర్చుని ఎడమ మేజోడు తీసి జేబులో పెట్టుకున్నాను. తరవాత కుడిది తీశాను. ప్యాంటు పైకి మడిచాను. జైపూరు కాలు దూరం నుంచి చూస్తే కాలే. వేళ్ళుంటాయి, వేళ్ళ మధ్య గీతలుంటాయి. దగ్గర నుంచి చూస్తే అంతా ఒకటే గోధుమరంగు, చీలమండ పైన ప్లాస్టిక్ గొట్టం. గంగాళంలో ముంచిన చెంబు ఎవరి చేతిలోనో అలాగే ఉండిపోయింది.

"ఇది ఎప్పటి నుంచండీ?" అన్నాడు ప్రసాద్ గారు.

"తునిలో ఉండగానేనండి. లారీ గుద్దింది."

"మరి అల్సరు?"

"లేదండి."

"లేదా?" అంది మామ్మగారు. కాలు చూసి కదలని మనిషి ఆ మాటకి పీట మీద నుంచి లేచింది. "మరి నా చేత ఇన్నాళ్ళూ ఆ చప్పిడి కూరలు ఎందుకు చేయించావు?"

"తప్పేనండి మామ్మగారూ."

ప్రసాద్ గారు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మళ్ళీ తీశాడు. "ఆ రోజు నేను అడిగాను కదండీ. అప్పుడే చెబితే ఏం పోయేది?"

"ఉద్యోగం పోయేదండి."

కాదనడానికి ఆయన నోరు తెరిచాడు. ఎప్పుడో ఆరిపోయిన పాదాలని ఇంకోసారి తుడుచుకున్నాడు.

"నిజమే. ఇచ్చేవాణ్ణి కాదు," అన్నాడు.

ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా ఆ గౌరవం పోయేది కాదు. తీసేస్తాడనే అనుకున్నాను కూడా, ఎందుకంటే ఆ వెంటనే, ముందు భోంచెయ్యండి, తరవాత మాట్లాడదాం అన్నాడు. మా వ్యాపారంలో తరవాత మాట్లాడదామంటే లెక్క తేల్చి పంపడమే.

"మాట్లాడేదేముందిరా?" అంది మామ్మగారు. నావైపు తిరిగింది. "పై అరల్లోంచి పట్టుచీరలు దించేదెవరు?"

"నేనేనండి."

"ఈ కాలితోనే నిచ్చెన ఎక్కుతున్నావా?"

"దీంతోనేనండి."

"అది కాదమ్మా," అన్నాడు ప్రసాద్ గారు. "నాతో అబద్ధం చెప్పాడు."

"నాతోనూ చెప్పాడు. నా వంతు నేను చూసుకుంటాను. నీ వంతు నువ్వు వదిలెయ్. అవతల పెళ్ళివారు వచ్చే వేళయింది, అన్నం చల్లారిపోతోంది."

ఆయన తువ్వాలు తీగ మీద వేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఇక ఆ విషయం ఎత్తడని ముసలయ్య మొహం చూస్తే తెలిసింది.

నేను నాపరాయి ఎక్కాను. నీళ్ళు పోసుకుని ఎడమ పాదం కడిగాను. వేళ్ళ సందులు, మడమ, ఏమీ వదలకుండా కడిగాను. చెంబు గంగాళం మీద పెట్టి గుమ్మం వైపు అడుగు వేశాను. మామ్మగారు చెయ్యి అడ్డం పెట్టింది.

"రెండోది?"

"అది రబ్బరండి మామ్మగారూ."

"రబ్బరైతే? బజారంతా తిరిగి రాలేదా అది?"

వెనక్కి వెళ్ళి దాని మీద గబగబా రెండు చెంబులు కుమ్మరించాను. నవ్వుతారేమో అని చూశాను. ఎవరూ నవ్వలేదు.

"మడమ తడవలేదు. శని పట్టుకుంటుంది," అంది ఆవిడ.

చిన్నప్పుడు మా అమ్మ అచ్చం అదే మాట అనేది. కాలు పోయాక నాతో ఆ మాట ఎవరూ అనలేదు. ఇంటి దగ్గర నేను దాన్ని సైకిల్ తుడుచుకున్నట్టు గుడ్డతో తుడుచుకునేవాణ్ణే కానీ కాలనుకుని ఎప్పుడూ కడగలేదు. మామ్మగారు నా చేతిలో చెంబు తీసుకుని, అటు తిరగమంది. తిరిగాను. ఆవిడ నడుం వంచి ఆ రబ్బరు మడమ మీద నీళ్ళు పోసింది. నాకు ఏడుపు ఆగలేదు. అందరికీ వీపు చూపిస్తూ గోడ పట్టుకుని నిలబడ్డాను.

చెంబు గంగాళం మీద పెట్టిన చప్పుడయింది. తీగ మీద తువ్వాలు లాగి నా చేతికిచ్చింది.

"ఇంక రెండు కాళ్ళూ తుడుచుకుని లోపలికి రా," అంది.

రెండూ తుడుచుకుని వెళ్ళాను.